ఎన్ని నిద్రల దూరం

కానాక్,
9 మార్చి 2003

ఇవాలు తల్లికి పెదనాన్న ఇనూటెక్ పలకరింపు.

సూర్యుడు తిరిగొచ్చి మూడు వారాలైంది. చర్చి వెనక కొండ పొద్దున్నే పసుపుపచ్చగా మెరుస్తోంది. చీకటి నెలలన్నీ కుక్కలు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఇప్పుడు వెలుతురొచ్చింది కదా, నేను కనపడుతున్నాను, నన్ను కరుస్తున్నాయి.

నువ్వు దుకాణానికి ఫోన్ చేశావట. అక్కడి పిల్ల పరుగెత్తుకొచ్చి నన్ను పిలిచింది. చెవికి పెట్టుకుంటే గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. అది నీ గొంతో, మీ దగ్గర నిజంగానే గాలి వీస్తోందో తెలియక "ఆఁ, ఆఁ" అని రెండుసార్లు అనేసి పెట్టేశాను. నేను దేనికి ఒప్పుకున్నానో నాకింకా తెలియదు. ఇక మీదట రాయి. కళ్ళు బాగానే ఉన్నాయి.

నువ్వు కడుపుతో ఉన్నావని ఆ పిల్లే చెప్పింది. జూన్ నెలాఖరు అట. ఇంటికొచ్చి కుక్కలన్నిటికీ చెప్పాను. ఇంట్లో చెప్పడానికి ఇంకెవరున్నారు.

మీ పెద్దమ్మ జనవరి చీకట్లో పోయింది. పేరు రాయడం లేదు, గమనించావు కదా. ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరూ ఆ పేరు పలకలేదు. పుట్టే బిడ్డ ఎవరైనా అందుకునేదాకా పలకకూడదు, నీకు తెలిసిందే. నలభై ఆరేళ్ళు రోజుకి పదిసార్లు అరిచిన పేరు తల్లీ. పొద్దున కాఫీ మరగగానే నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. వేడి కాఫీ తాగి నోరు కాల్చుకుంటున్నాడని పక్కింటివాళ్ళు అనుకుంటున్నారు.

ఆ పేరు నీ బిడ్డకివ్వాలి. నువ్వు ఆవిడ చెల్లెలి కూతురివే కానీ పెంచింది ఆవిడ. మన ఇంటి పద్ధతి ప్రకారం పోయినవాళ్ళ పక్కన పడుకున్నవాళ్ళు బిడ్డ చెవిలో పేరు చెప్పాలి. అంటే నేను చెప్పాలి. అందుకే అడుగుతున్నాను, ఇక్కణ్ణుంచి మీ ఊరికి ఎన్ని నిద్రలు? కుక్కల బండి మీద సవిస్సివిక్ ఊరు మూడు నిద్రల దూరం. నీళ్ళకవతల ఎలుగుబంట్లు తిరిగే చోటికి పన్నెండు. నడుమ ఉన్న పెద్ద మంచు దాటి మీ వైపుకి మా తాతలు కూడా రాలేదు, ఆ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. మీ ఊరి పేరైతే ఉంది చూశావూ, ఇట్టొక్కొర్తూర్మీట్, అది రాయడానికే ఒక నిద్ర పట్టేట్టుంది.

చివరి రోజుల్లో కూడా మీ పెద్దమ్మ నన్ను వదల్లేదు. "మళ్ళీ వస్తే కుక్కల్ని నేను తోలతాను, ఇంట్లో కూచుని తోళ్ళు నువ్వు గీకు" అంది. సరే అన్నాను. అనక చస్తానా.

పోయిన వేసవిలో నేను వేటాడి తెచ్చిన సీల్ తోలు నిండా ఆవిడ పక్షుల్ని కూరి, కుట్టి, విందుకని రాళ్ళ కింద మాగబెట్టిన కివియాక్ ఒకటి అలాగే ఉంది. విప్పలేదు.

నీ కడుపు మీద చెయ్యి పెట్టి నా మాటగా పలకరించు.

పెదనాన్న

*

నెర్లెరిట్ ఇనాట్ విమానాశ్రయం,
2 ఏప్రిల్

పెదనాన్నా,

నీ ఉత్తరం నిన్న అందింది. కవరు మీద సీల్ నూనె మరక. ముక్కుకి ఆనించుకుని అలాగే కూచున్నాను. "దాన్ని తినేసేట్టున్నావే" అన్నాడు మా ఆయన ఈనోక్.

ఫోన్‌లో నేనేమడిగానో తెలుసా? "నా మీద కోపంగా ఉన్నావా పెదనాన్నా?" అని. నువ్వు రెండుసార్లు "ఆఁ" అన్నావు! అప్పట్నుంచి ముద్ద దిగలేదు. మా ఆయన చేపలు పట్టుకొస్తాడు, వండుతాను, ఆయన ఒక్కడే తింటాడు. ఇప్పుడు నీ ఉత్తరం చదివాక ఒక పూటకి రెండు పూటల తిండి తిన్నాను.

ఎన్ని నిద్రలని కదా అడిగావు. మా ఆఫీసు గోడ మీద పెద్ద పటం ఉంది. దారం తీసుకుని ఒక కొస కానాక్ రన్‌వే మీద, ఇంకో కొస మా రన్‌వే మీద పెట్టి కొలిచాను. పదిహేను వందల నలభై అయిదు కిలోమీటర్లు. నమ్మలేక మళ్ళీ కొలిచాను, అంతే వచ్చింది. విమానం మూడు గంటల్లో ఎగిరిపోయే దూరం! ఒక్క నిద్ర కూడా కాదు పెదనాన్నా. నువ్వు కాఫీ తాగి, వచ్చేదారంతా కిటికీలోంచి మంచు చూసి, దిగి మళ్ళీ కాఫీ తాగొచ్చు. ఇంత దగ్గరగా ఉన్నామని ఏడేళ్ళ నుంచీ నాకే తెలియలేదు.

నా పని బాగుంది. గాలి ఎటుంది, మబ్బు ఎంత ఎత్తున ఉంది, రన్‌వే కనపడుతోందా లేదా అని పైలట్లకి రేడియోలో చెబుతాను. మంచు పడితే రన్‌వే గోకడం ఈనోక్ పని. మా అత్తగారు అబిగేల్ ఊళ్ళో ఉంటుంది, ఇక్కణ్ణుంచి హెలికాప్టర్‌లో పదిహేను నిమిషాలు. ఒక విషయం నీకు ముందే చెప్పాలి. ఆవిడ తమ్ముడు పోయిన శరత్తులో నీళ్ళలో పోయాడు. వాళ్ళూ ఆ పేరు పలకడం లేదు. ఆవిడ నా కడుపు మీద చెయ్యి పెట్టి "ఒరేయ్ తమ్ముడూ, కాళ్ళు తన్నకు" అంటుంది. నేను మాత్రం పెద్దమ్మ పేరు దాచి ఉంచుతాను.

కుక్కలకి దూరంగా ఉండు.

నీ ఇవాలు

*

కానాక్,
28 ఏప్రిల్

ఇవాలుకి,

మూడు గంటలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడు గంటలేనా? కుక్కలకి మేత పెట్టి, బండి పట్టీలు విప్పి, వాటి చిక్కు తీసేసరికి నాకు అంతకన్నా ఎక్కువ పడుతుంది.

మీ పెద్దమ్మని చర్చిలో ఐదు నిద్రలు ఉంచాం. గోతిని వేసవిలోనే తవ్వి ఉంచుతారు, అది సిద్ధంగానే ఉంది. నేనే ఆపాను. "ఇవాలు వస్తుంది, ఆగండి" అన్నాను. చలికి పాడయ్యేది ఏమీ లేదు, ఆగారు. రోజూ రన్‌వే దాకా నడిచాను, చీకట్లో, చేతిలో లాంతరుతో. ఐదో రోజు పాస్టర్ నా భుజం మీద చెయ్యి వేసి "ఇక చాలు ఇనూటెక్" అన్నాడు.

నేను అప్పుడు ఏమనుకున్నానంటే, ఆ పిల్ల లోకం చివర ఉంది, రాలేదు పాపం అనుకున్నాను. అందరికీ అదే చెప్పాను. నీ తరపున నేను మాట్లాడాను. ఇప్పుడు నువ్వే దారం పెట్టి కొలిచి, ఒక్క నిద్ర కూడా కాదని నవ్వుతూ రాస్తున్నావు.

ఫోన్‌లో నువ్వడిగిన దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఆఁ.

బిడ్డకి మీ అత్తగారి తమ్ముడి పేరే పెట్టుకో.

ఇనూటెక్

*

నెర్లెరిట్ ఇనాట్,
16 మే

పెదనాన్నా,

నువ్వు "పెదనాన్న" అని సంతకం చెయ్యలేదు. నేను మాత్రం అలాగే పిలుస్తాను.

తప్పు నాదే, నేను మూడు గంటలని రాశాను కానీ ఏ విమానమూ అలా ఎగరదని రాయలేదు. నాకిది ఎంత అలవాటైన సంగతంటే నీకు తెలియదని తోచలేదు. మంచు మీదుగా తిన్నగా వచ్చే విమానమే లేదు పెదనాన్నా. కానాక్ నుంచి ఉపెర్నవిక్, అక్కణ్ణుంచి ఇలులిస్సాట్, అక్కణ్ణుంచి దక్షిణానికి దిగి, మంచు దాటి కులుసుక్. అక్కడ మన దేశం దాటాలి. సముద్రం మీదుగా ఐస్లాండ్‌లోని రెయ్క్యావిక్ వెళ్ళాలి. అక్కణ్ణుంచి మళ్ళీ సముద్రం దాటి వెనక్కి, ఉత్తరానికి, మా దగ్గరికి. మా దగ్గరికి వారానికి ఒక విమానం. మీ దగ్గరికీ అంతే. నడుమ పొగమంచు ఒక్కచోట దిగితే చాలు, మిగతావన్నీ తప్పిపోతాయి.

ఇంతకన్నా రాయను. రాసినకొద్దీ సాకులా ఉంటుంది.

నన్ను కాన్పుకి ఆసుపత్రి ఉన్న ఊరికి పంపిస్తారు, జూన్ మధ్యలో విమానం. అక్కడ పుడితే అక్కడే పేరు పెట్టేస్తారేమోనని భయంగా ఉంది. నువ్వు వస్తే బాగుండు.

నీ ఇవాలు

*

కానాక్,
8 జూన్

ఇవాలుకి,

మన దేశంలోంచి మన దేశంలోకి రావడానికి పరాయి దేశం మీదుగా పోవాలా? ఈ మాట చెబితే మా వేటగాళ్ళంతా పడి పడి నవ్వారు. "పక్క గదిలోకి వెళ్ళడానికి డెన్మార్క్ వెళ్ళి రావాలంటుందేమో మీ పిల్ల" అన్నాడు ఒకడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు ఆగిపోయింది.

నువ్వు చెప్పింది అబద్ధమో నిజమో పటం చూసి నేను తేల్చుకోలేను. నాకు తెలిసింది ఒకటే పద్ధతి. బయలుదేరి నిద్రలు లెక్కపెట్టడం. గురువారం విమానానికి బయలుదేరుతున్నాను. డెబ్భై నాలుగేళ్ళు వచ్చాయి, ఇంతవరకూ విమానం ఎక్కలేదు. కివియాక్‌ని గోనెలో చుట్టి పెట్టాను.

అన్నీ కలిసొస్తే నాలుగు రాత్రులని రన్‌వే దగ్గరి కుర్రాడు చెప్పాడు. నాలుగు నిద్రల్లో వస్తానని దుకాణం పిల్ల నీకు ఫోన్ చేసి చెబుతుంది. ఈ ఉత్తరం నా వెనకాలే వస్తుందో ముందే వస్తుందో.

నిన్ను చూశాక కోపంగా ఉండాలో వద్దో చెబుతాను.

ఇనూటెక్

*

ఉపెర్నవిక్,
14 జూన్

ఇవాలుకి,

ఇంకా ఉపెర్నవిక్‌లోనే ఉన్నాను. కొండ నెత్తిన చదును చేసి విమానాన్ని దించుతున్నారు, పక్షి గూడు పెట్టాల్సిన చోట.

విమానం గురించి నీతో తప్ప ఎవరితో చెప్పుకుంటాను? మా ఊరి ముందర సముద్రపు మంచు నా అరచేతంత అయిపోయింది. నేను ఇరవై ఏళ్ళ వయసులో మూడు నిద్రలు చేసి, రెండు కుక్కల్ని పోగొట్టుకుని దాటిన చోటుని, పక్కనాయన బిస్కెట్ తినేలోపు దాటేశాం. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడలేదు. "చెవుల్లో నొప్పా తాతా?" అని అడిగారు, ఆఁ అన్నాను.

నిన్న ఇలులిస్సాట్ మీద పొగమంచు. పైలట్ ఒక ఆడపిల్ల, నీ వయసుంటుంది. మూడు చుట్లు తిరిగింది. కింద ఏమీ కనపడలేదు. విమానంలో అందరూ మొహాలు ముడుచుకున్నారు, ఒకడికి పెళ్ళికి వెళ్ళాలట, ఒకడికి పడవ అందాలట. ఆ పిల్ల ఎవరినీ లెక్కచేయకుండా వెనక్కి తిప్పేసింది. దిగాక నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. మంచు పలచగా ఉన్నచోట బండిని వెనక్కి తిప్పడం రాక పోయినవాళ్ళు నాకు ఎంతమంది తెలుసో! మీ పెద్దమ్మ ఉంటే ఆ పిల్లకి ఒక జత చేతి తొడుగులు కుట్టిచ్చేది.

ఇంతవరకూ ఒక్క నిద్రే అయింది.

ఇనూటెక్

*

ఇట్టొక్కొర్తూర్మీట్,
17 జూన్

పెదనాన్నా,

బిడ్డ పుట్టాడు! పన్నెండో తారీకున, నువ్వు బయలుదేరిన రోజునే. నన్ను తీసుకెళ్ళాల్సిన విమానం పొగమంచుకి రాలేదు, వీడు మాత్రం ఆగలేదు. ఇక్కడి నర్సు చేతుల మీద పుట్టాడు. ఇద్దరం బాగున్నాం.

మగపిల్లాడు. నువ్వు ఎలా తీసుకుంటావో అని ఈ మాట రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

నాలుగు నిద్రలన్నావని లెక్కేసి పదహారున పేరు పెట్టే విందు అనుకున్నాం. ఊరంతా కాఫీకి వచ్చింది, కేకులు అయిపోయాయి, నువ్వు రాలేదు. "మీ వాళ్ళకి నిద్రలు లెక్కపెట్టడం రాదా ఏమిటే?" అంది అత్తగారు. "నేను ఆయన కోసం ఆగుతాను, నా తమ్ముడు మాత్రం ఎన్నాళ్ళు ఆగుతాడు? మగపిల్లాడు పుట్టాడంటేనే వాడే వచ్చాడని తెలియడం లేదా?" అని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ చెడ్డది కాదు పెదనాన్నా. మూడు రాత్రులు నాతో మేలుకుంది.

బాప్తిస్మం ఇచ్చే పాస్టర్ ఏడాదికొకసారి వస్తాడు, ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. కానీ వచ్చే విమానంలో వెళ్ళిపోతాడు. నువ్వు వచ్చేది కూడా ఆ విమానంలోనే. నువ్వు దిగే మెట్లే ఆయన ఎక్కే మెట్లు.

నువ్వు ఎక్కడున్నావో నాకు తెలుసు. రేడియోలో పనిచేసేవాళ్ళం అందరం మాట్లాడుకుంటాం కదా. "మీ ముసలాయన ఉపెర్నవిక్‌లో బల్ల మీద గురక పెడుతున్నాడు", "మీ ముసలాయన ఇలులిస్సాట్‌లో దిగాడు, మూట ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు" అని ఒక్కొక్కరే చెబుతున్నారు. గనుల కోసం రాళ్ళు వెతికేవాళ్ళ చిన్న విమానం ఈ సాయంత్రం కులుసుక్ వెళుతోంది, దాని పైలట్‌కి ఈ ఉత్తరం ఇస్తున్నాను. సీల్ తోలు బూట్లు, గోనె మూట, వాసన ఉన్నాయని గుర్తులు చెప్పాను.

తొందరగా రా.

నీ ఇవాలు

*

కులుసుక్,
20 జూన్

తల్లీ, చిట్టి తల్లీ,

ముందు నీ లెక్క తీరుస్తాను. నేను ఇప్పటికి నాలుగు నిద్రలే పోయాను! సూర్యుడు అస్తమించని రోజుల్లో రాత్రెక్కడిది? కళ్ళు మూతలు పడ్డప్పుడు పడుకుంటాను, అది ఒక నిద్ర. ఇలులిస్సాట్‌లో బల్ల మీద కూచుని తెల్లవార్లూ మేలుకుంటే అది నిద్ర ఎలా అవుతుంది? మీరు అక్కడ గడియారం పెట్టుకుని నా నిద్రలు లెక్కేసి కేకులు తినేశారా? మీ అత్తగారితో చెప్పు, లెక్క తప్పింది మీదే.

ఇక్కడ కాఫీ పోసే ఆవిడ పేరు తొమసీన. వాళ్ళ యాస నాకు సగమే అర్థమవుతుంది, నా యాస ఆవిడకి అది కూడా కాదు. "మా పిల్ల ఊరికి ఎన్ని నిద్రలు" అన్న నా మాటకి దుప్పటి తెచ్చిచ్చింది. కిటికీ పక్క బల్ల చూపించి, పడుకో అంది. పడుకున్నాను. లేచాక అడిగింది, "ఎక్కడికి?" నీ పేరు చెప్పాను.

ఆవిడ కాఫీ గిన్నె కింద పెట్టేసింది. "ఇవాలు? నెర్లెరిట్ ఇనాట్‌లో రేడియో అమ్మాయా? కడుపుతో ఉన్న పిల్ల?" అని, నా బల్లనే తట్టి చూపించింది. "జనవరిలో ఇక్కడే పడుకుంది. తొమ్మిది నిద్రలు. బయట తలుపు తెరవలేనంత గాలి. పెద్దమ్మని పూడ్చడానికి ఇంటికి వెళుతున్నానంది. నాలుగుసార్లు బూట్లు వేసుకుంది, నాలుగుసార్లు విప్పింది. ఒకరోజు, ఇప్పుడు పూడుస్తూ ఉంటారు అని చెప్పి, ఆ కిటికీ వైపు తిరిగి ఒక్కతే పాట పాడింది. మేము కాఫీ మిషన్ ఆపేశాం."

ఇవాలూ, నువ్వు ఎందుకు చెప్పలేదే? నేను అన్నేసి మాటలన్నాను, "సాకులా ఉంటుంది" అని ఊరుకున్నావు. చేరలేదు కాబట్టి రానట్టే అనుకున్నావా? నేను లాంతరు పట్టుకుని రన్‌వే దగ్గర నిలబడ్డ రోజుల్లో, నువ్వు కడుపులో బిడ్డతో ఈ చెక్క బల్ల మీద ఉన్నావు. వెనక్కి తిప్పినందుకు ఆ పైలట్ పిల్ల చెయ్యి ముద్దు పెట్టుకున్నంత పని చేశాను. ఇంటి పిల్లని మాత్రం తిట్టాను. మీ పెద్దమ్మ ఉంటే నన్ను తోళ్ళతో పాటు గీకేసేది.

ఆ బల్ల మీద ఇంకో నిద్ర కావాలని పోయాను. దాంతో ఐదు.

నీ ఉత్తరం ఒక పొడుగాటి పైలట్ తెచ్చిచ్చాడు. నా మొహం కూడా చూడలేదు, వాసన పట్టుకుని తిన్నగా వచ్చాడు. మగపిల్లాడని రెండుసార్లు కొట్టేశావా? నేను ఇంత గట్టిగా నవ్వాను, తొమసీన పరుగెత్తుకొచ్చింది. పేరుకి మీసాలుంటాయా, జడ ఉంటుందా? ఆవిడ చెప్పి మరీ పోయింది కదే, మళ్ళీ వస్తే కుక్కల్ని నేను తోలతానని! అన్నంత పనీ చేసింది.

పాస్టర్ని మెట్ల దగ్గరే పట్టుకో. కాలు పట్టుకునైనా ఆపు.

నీ పెదనాన్న

*

నెర్లెరిట్ ఇనాట్,
6 జూలై

పెదనాన్నా,

నువ్వు వెళ్ళి నాలుగు రోజులైంది, నీ కప్పు ఇంకా కడగలేదు. ఇప్పటికి ఎక్కడిదాకా వెళ్ళావో రేడియోలో కనుక్కోవడం మానలేదు.

ఆ రోజు నీ కళ్ళన్నీ బిడ్డ మీదే, నీకేమో చెవుడు. నీ వెనకాల ఏం జరిగిందో నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు విమానం తలుపులో కనపడేసరికి పాస్టర్ పెట్టెతో సహా కింద నిలబడి ఉన్నాడు. అత్తగారు బిడ్డని పొత్తిళ్ళలో గట్టిగా పట్టుకుని "ముందు నా తమ్ముడి పేరే, ఆ తర్వాతే ఇంకేదైనా" అని పొద్దున్నుంచీ పదిసార్లు అంది. నువ్వు మెట్లు దిగడం మొదలుపెట్టావు. ఒక మెట్టు దిగి, మూట దించి, ఊపిరి పీల్చి, మళ్ళీ ఎత్తుకుని. పైలట్ పట్టుకోబోతే వాణ్ణి కసిరావు. రెయ్క్యావిక్‌లో కూడా ఇంతేనట, సుంకం వాళ్ళు ముక్కులు మూసుకుని విప్పమంటే "మా ఆవిడ కుట్టిన కుట్టు, నేను విప్పను" అని మూట మీద కూచున్నావట. ఈ పైలటే వాళ్ళకి తర్జుమా చేసి ఒప్పించాడట.

అత్తగారు అదంతా చూస్తూ నిలబడింది. నువ్వు కిందికొచ్చి ఆవిడతో "పదకొండు నిద్రలు" అని మాత్రమే అన్నావు. ఆవిడ నన్ను చూసింది, నిన్ను చూసింది, బిడ్డని నీ చేతుల్లో పెట్టేసింది. నువ్వు వంగాక నాతో అంది, "పదకొండు నిద్రలు మోసుకొచ్చిన పేరే ముందు. నా తమ్ముడు ఈ ఊరివాడే, పక్కకి జరుగుతాడు. వాడెప్పుడూ మంచివాడే." అని చేతుల్లో మొహం దాచుకుంది.

పాస్టర్ పెట్టె విప్పి తెల్లటి మెడ పట్టీ ఒక్కటే తీసి కట్టుకున్నాడు. పైలట్ రెండు ఇంజన్లూ ఆపేశాడు. ఎప్పుడూ ఒకటే ఆపుతాడు, మళ్ళీ స్టార్ట్ చెయ్యడం కష్టమని. ఎవరూ అడగలేదు, తనే ఆపాడు. అంత నిశ్శబ్దం ఈ రన్‌వే మీద నేను ఎన్నడూ వినలేదు. నీకు చెవుడు కదా, పేరు ఊరంతా దద్దరిల్లేలా అరుస్తావని అందరం అనుకున్నాం. నువ్వు ఎంత మెల్లగా చెప్పావంటే, అడుగు దూరంలో ఉన్న నాకు కూడా వినపడలేదు. నీ పెదవులు కదలడం చూశాను, అంతే. వాడు నీ ముక్కు పట్టుకున్నాడు. పెద్దమ్మ కోపమొస్తే నీ ముక్కే కదా పట్టుకునేది!

మూట విప్పాక అత్తగారు కివియాక్‌లో మూడు పక్షులు తింది. మూడోది తింటూ తోలు తిప్పి తిప్పి చూసి "ఎంత సన్నం కుట్టు! ఎక్కడా ఒక్క పోగు వదల్లేదు. ఈవిణ్ణి నేను చూసుండాల్సింది" అంది. "చూస్తూనే ఉన్నావు కదత్తా" అన్నాను. పాస్టర్ ఒకటి జేబులో వేసుకుని వెళ్ళాడు. విమానంలో ఎవరెవరు ఏమన్నారో పైలట్ ఇంకా చెప్పలేదు.

పెద్దమ్మ ఇప్పుడే పాలు తాగి పడుకున్నాడు. ఇలా రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, కానీ ఇక ఇదే మాట. ఈనోక్ కూడా "మీ పెద్దమ్మ తడిపేసింది, చూడు" అంటున్నాడు.

పేరు నేను ఇంకా రాయలేదు. మొదట నువ్వే రాయాలని అనిపించింది.

నీ ఇవాలు

*

కానాక్,
1 ఆగస్టు

ఆవియాక్‌కి,

ఇవాలూ, ఇది నీకు కాదు, చదివి వినిపించు. నీకు వేరే రాస్తాను.

ఏమే ఆవియాక్, బాగున్నావా? పాలు బాగా పడుతున్నాయా? అక్కడ ఇవాలు అత్తగారిని సతాయించకు, మంచి మనిషి.

ఇంటికి చేరాను. వచ్చేటప్పుడు ఎనిమిదే నిద్రలు పట్టాయి, పొగమంచు కరుణించింది. కులుసుక్‌లో తొమసీనకి నువ్వు పుట్టిన సంగతి చెప్పాను, కాఫీ ఊరికే పోసింది. ఉపెర్నవిక్ నుంచి ఆ పిల్ల పైలటే తీసుకొచ్చింది. తన పక్కన ముందు కూచోబెట్టుకుంది. మన సముద్రం, మన దీవులు, మనం కొత్తగా పెళ్ళైనప్పుడు గుడారం వేసుకున్న చోటు, అన్నీ చూపించాను ఆమెకి. ఎంత పెద్దగా ఉందే మన చోటు! దాన్నంతా కాళ్ళతో నడిచాం మనం. అది చూసి నాకు మన మీద గర్వమేసింది. నువ్వు పక్కనుంటే ఊరికే ఉండేదానివా, ఆ పిల్లని లేపి నువ్వే నడిపేదానివి.

ఒప్పుకున్న మాట ప్రకారం తోళ్ళు గీకుతున్నాను. గుమ్మం ముందు కూచుని, నీ కత్తితోనే. నిన్న ఒక తోలుకి రెండు చిల్లులు పెట్టాను. ఆడవాళ్ళు దారిలో ఆగి మరీ నవ్వి వెళుతున్నారు. నలభై ఆరేళ్ళు నువ్వు దీన్ని ఎలా చేశావే? నాకు ఒక్క తోలుకే నడుం పట్టేసింది. ఇన్నాళ్ళు వేట తెచ్చింది నేనని గొప్పలు చెప్పుకున్నాను, ఒంటి మీద నిలిచేలా చేసింది నువ్వు. నువ్వు పెద్దవాడివయ్యేసరికి నేర్చుకుంటాను. కుక్కల్ని ఎంచి పెట్టాను, పోయిన వసంతంలో పుట్టిన రెండు ఆడకుక్కలు నీకు సరిపోతాయి.

పొద్దున కాఫీ మరగగానే నీ పేరు పెట్టి గట్టిగా పిలుస్తున్నాను. పక్కింటివాళ్ళు "నోరు బాగైందా ఇనూటెక్?" అని అడిగారు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. చీకటి రోజుల నుంచి ఇవాలు ఉత్తరాలు మొదలయ్యేదాకా ఊళ్ళో పిల్లలు వచ్చి, "మామ్మ ఎంత దూరం వెళ్ళింది తాతా?" అని అడిగేవాళ్ళు. ఎన్ని నిద్రలని చెప్పను? ఎన్నిసార్లు పడుకుని లేచినా నువ్వు ఉన్న చోటికి చేరే దారి లేదు. లేచి కుక్కల దగ్గరికి వెళ్ళిపోయేవాణ్ణి.

నిన్న మళ్ళీ ఒక పిల్ల అడిగింది. తోలు గీకుతూనే, తల ఎత్తకుండా చెప్పాను. "పదకొండు నిద్రలు. పొగమంచు లేకపోతే ఎనిమిది."

నీ మొగుడు,
ఇనూటెక్